ఏం లేదండీ

నేను వారానికి మూడుసార్లు చస్తాను. సోమవారం మంటల్లో, బుధవారం వరదలో, శుక్రవారం కూలిన గోడ కింద. మిగతా రోజులు సెలవు.

ఇది నా ఉద్యోగం. నువ్వలగడ్డ విపత్తు శిక్షణ కేంద్రంలో నన్ను 'నమూనా బాధితుడు' అంటారు. మనుషుల్ని కాపాడే ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు ముందు నన్ను కాపాడి నేర్చుకోవాలి. తాళ్లు కట్టి దించుతారు, దుప్పట్లో చుడతారు, తలకిందులుగా మోస్తారు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు స్ట్రెచరు ఎత్తుకుని బ్రహ్మాండంగా పరిగెత్తారు. నేను మెట్ల మీదే ఉండిపోయాను. వాళ్లిద్దరితో నేను ఇప్పటికీ మాట్లాడను.

నా పేరు తవిటయ్య. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివాను. అరవడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. "ఓలమ్మో, సచ్చిపోతన్నానర్రో!" అని మూడో అంతస్తు నుంచి కేక పెడితే రోడ్డు మీద బస్సు ఆగిపోయింది. కండక్టరు లోపలిదాకా వచ్చి, సంగతి తెలుసుకుని, నన్ను తిట్టి వెళ్లాడు. అది నా ఉద్యోగ జీవితంలో అందిన ఒకే ఒక్క మెప్పు.

నేను మనుషుల్ని క్షమించను. మాట్లాడటం మానేసినవాళ్ల జాబితా ఒకటి మనసులో ఉంది. అందులో మా బావమరిది ఉన్నాడు, ఒక మంగలి ఉన్నాడు, ఆ స్ట్రెచరు కుర్రాళ్లున్నారు. మొదటి పేరు మాత్రం ఖాళీ. ఆమె పేరు నాకు తెలియదు. పన్నెండేళ్ల కిందట కంట్రోల్ రూములో ఫోను ఎత్తిన మనిషి. నా భార్య ఆదెమ్మను జీడితోటలో పాము కరిస్తే, నేను ఫోను చేసి మొత్తుకుంటే, చీమ కుట్టినట్టు రాసుకుని, బండిని గంటా యాభై నిమిషాల తర్వాత పంపిన మనిషి. ఆ బండి వచ్చేసరికి ఆదెమ్మ లేదు.

అప్పటికి మా రోహిణికి పదేళ్లు. ఒక్కతే కూతురు. ఇప్పుడు ఇరవై రెండు. ఈ కేంద్రంలోనే శిక్షణలో ఉంది. తాడు మీద కోతిలా పాకుతుంది. వరదలో పడవ నిలబెట్టి మనిషిని లాగడంలో మగపిల్లలు దాని తర్వాతే. అది తాడుదళంలో చేరాలని నా కోరిక. దాని కోరికా అదే అనుకున్నాను.

అప్పుడు సోదెమ్మ వచ్చింది.

సోదెమ్మ మనిషి కాదు, యంత్రం. కనిపెట్టింది గంటి విశాలాక్షిగారు. కోనసీమ మనిషి. యాభై ఏళ్లుంటాయి. చెప్పులు ఎక్కడ విడిచిందో ఎప్పుడూ గుర్తుండదు. యంత్రానికి ఆవిడ ఇంగ్లీషులో ఒక పొడుగు పేరు పెట్టింది. ఎవరు ఏ పనికి పుట్టారో చెబుతుందని పిల్లలు సోదెమ్మ అన్నారు. సోది చెబుతుంది కాబట్టి ఆ పేరే సరి అని నేనూ అన్నాను.

చూడటానికి అందులో ఏమీ లేదు. ఒక గది, నేలంతా నల్లటి పలకలు. మనిషి ఉత్తి కాళ్లతో మధ్యలో నిలబడాలి. హఠాత్తుగా నాలుగు వైపులా గొడవ మొదలవుతుంది. ఒక మూల పొగ, ఒక మూల పిల్ల ఏడుపు, ఒక మూల బల్ల మీద ఫోను, వెనక తెరిచిన తలుపు. పాదాల కింది పలకల్లో ఏదో ఒకవైపు దీపం వెలుగుతుంది. అంతే. లెక్కగా నలభైసార్లు ఇలా చేసి, చివర ఒక చీటీ ఇస్తుంది. దాని మీద నీ ఉద్యోగం ఉంటుంది.

మొదటిరోజు నన్ను పొగ మూలలో పడుకోబెట్టారు.

"ఏటి సేస్తాదమ్మగోరూ ఇది?" అని కింద పడుకునే అడిగాను.

"ఏవీ చెయ్యదండి, చూస్తుందంతే," అంది విశాలాక్షిగారు. "ప్రమాదం వచ్చిన మొదటి క్షణంలో, మనసుకి ఇంకా తెలీకముందే, ఒంట్లో బరువు ఎటో పక్కకి వాలిపోతుందండి. ఆ తర్వాత సిగ్గుపడో, ధైర్యం తెచ్చుకునో ఇంకోవైపు నడుస్తాం. కానీ ఆ మొదటి వాలు అబద్ధమాడదు."

"మరి నా బరువెటు వాలతాది?"

"మీరు బాధితులు కదండీ. మీకు వాలే పనేం లేదు."

ఇరవై ఏళ్లు జీడితోటలో కాయలు కోసినవాడికి ఆ మాట గుచ్చుకుంది. ఆవిడ పేరూ జాబితాలో చేర్చేవాడినే. కానీ ఆవిడ నాకు చెయ్యిచ్చి లేపి, చొక్కాకు అంటిన మసి దులిపింది. వదిలేశాను.

సోదెమ్మ మొదటి దెబ్బ మజ్జి సన్యాసినాయుడికి తగిలింది. నాయుడు ఇరవై ఎనిమిదేళ్లు ఫైరింజన్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. మా దగ్గర పిల్లలకు తాళ్లు, నిచ్చెనలు నేర్పుతాడు. ఆయన మీసానికి ప్రత్యేకంగా నూనె ఉంది. పిల్లలు బలవంతపెడితే సరదాకి పలకల మీద నిలబడ్డాడు. పొగ వచ్చింది. దీపం వెనక వెలిగింది, తలుపు వైపు. నలభైసార్లలో ముప్ఫై ఆరుసార్లు వెనకే వెలిగింది.

పిల్లలు పకపకా నవ్వారు. నాయుడు కూడా నవ్వాడు. తర్వాత రెండు రోజులు క్యాంటీనుకు రాలేదు. మూడోరోజు ఫైరింజను మెట్టు మీద కూర్చుని కనిపించాడు. మీసానికి నూనె లేదు.

"తవిటా, నాను పిరికోడినేటిరా?"

"నాకేటి తెల్సు నాయుడుబావూ. యంతరం సెప్పినాది."

ఓదార్చడం నాకు అలవాటు లేదు. దూరం నుంచి విశాలాక్షిగారు చూసి, దగ్గరికి రాబోయి, ఆగి, వెనక్కి వెళ్లిపోయింది. తను చేసిన యంత్రం ఒక మనిషి మీసం వాల్చిందని ఆవిడకూ అర్థమైంది.

వానలు మొదలయ్యేసరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఈ కేంద్రంలో సోదెమ్మ చీటీ ప్రకారమే పోస్టులు. నచ్చకపోతే ఒకసారి అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలులోనూ అదే వస్తే అదే ఖాయం. కాదంటే ఇంటికే.

రోహిణి వంతు ఒక గురువారం వచ్చింది. నాకు సెలవు రోజు. వేరుశనగలు పట్టుకుని గది బయట కూర్చున్నాను. చీటీ మీద 'తాడుదళం' అని ఉంటే పంచుదామని బెల్లం కూడా తెచ్చాను. తలుపు తెరుచుకుంది. రోహిణి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏటైనాది?"

"పొగ నాన్నా."

చీటీ ఇచ్చింది. దాని మీద ఒకే మాట ఉంది. వినే కుర్చీ.

వినే కుర్చీ అంటే కంట్రోల్ రూములో ఫోను దగ్గరి కుర్చీ. ఆపదలో ఉన్నవాళ్ల మాట విని, ఏది ముందు, ఏది వెనక, ఏ బండి ఎటు వెళ్లాలో తేల్చే పని. నా జాబితాలో మొదటి మనిషి కూర్చున్న కుర్చీ.

బెల్లం అక్కడే కుక్కకు వేశాను.

ఇంటికి వచ్చాక అన్నాను. "నా కూతురు ఆ కుర్సీలో కూసోదు."

"ఎందుకు కూసోదు?"

"మీ అమ్మని సంపిన కుర్సీ అది."

"కుర్సీ సంపుతాదా నాన్నా? నాలుగు కాళ్లు మాత్రమే ఉంటాయి దానికి."

"మాటలాడకు. తాడెక్కే గుంటవి. ఫోనెత్తే గుంటవి కాదు."

"తాడు బాగా ఎక్కుతాను. నిజవే. కానీ..." ఆగింది. "నాకా పనే కావాలనిపిస్తన్నాది."

"ఎప్పటినుంచి?"

"ఇయ్యాల్టినుంచి."

"ఇయ్యాల ఏటైనాది?"

చారు వేడిచేయడానికి లేచింది. చల్లగా ఉన్న చారును వేడిచేస్తే మా ఇంట్లో సంభాషణ అయిపోయినట్టు. అది ఆదెమ్మ పెట్టిన పద్ధతి.

మరుసటి రోజు అప్పీలు కాయితం నేనే తెచ్చి దాని ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. చివరికి సంతకం పెట్టింది.

"నీకోసం పెడతన్నాను. కానీ నాన్నా, కాళ్లు మాత్రం నావి."

అప్పీలు గదిలో జరగదు. నిజమైన డ్రిల్లులో జరుగుతుంది. మా కేంద్రంలో మూడంతస్తుల పొగమేడ ఉంది. కింద వాకిట్లో సోదెమ్మ పలకలు పరిచారు. రోహిణి తాడు భుజాన వేసుకుని వాటి మీద నిలబడాలి. ఒకవైపు మేడ, ఒకవైపు ఫోను బల్ల. మేడ మీద బాధితుడు ఉంటాడు. అరుస్తాడు. బరువు మేడ వైపు వాలితే తాడుదళం.

బాధితుడు ఎవరు? నేనే కదా.

నేను ఎప్పుడూ ఎవర్నీ మోసం చేయలేదు. ఆ రోజు చేద్దామనుకున్నాను. మామూలుగా "కాపాడండర్రో" అని అరుస్తాను. ఆ రోజు "రోహిణీ" అని అరవాలి. ఒంట్లో ఉన్న ప్రాణమంతా గొంతులోకి తెచ్చి అరవాలి. ఏ కూతురి బరువు వాలకుండా ఉంటుంది? సోదెమ్మ నా కేక ముందు ఎంత? పొద్దున్నే రెండు గ్లాసుల వేడినీళ్లు తాగి గొంతు సరిచేసుకున్నాను. బలం కోసం క్యాంటీనులో ఆరు మిరపకాయ బజ్జీలు తిన్నాను.

వాకిట్లో అందరూ ఉన్నారు. నాయుడు నిచ్చెన దగ్గర నిలబడ్డాడు. విశాలాక్షిగారు ఒక కాలికి నాయుడి చెప్పు, ఒక కాలికి తన చెప్పు వేసుకుని యంత్రం దగ్గర ఉంది. నా చేతికి ఒక వాకీటాకీ ఇచ్చారు. పైన పడుకున్నాక దాంట్లో 'సిద్ధం' అనాలి. గంట కొడతారు. అప్పుడు నేను అరవాలి.

రెండో అంతస్తు దగ్గర ఎడమ దవడ లాగింది. పన్ను అనుకున్నాను. మూడో అంతస్తుకు చేరేసరికి చొక్కా తడిసిపోయింది. బజ్జీలు అనుకున్నాను. కిటికీ పక్కన కూలబడ్డాను. ఛాతీ మీద ఎవరో తిరగలి పెట్టినట్టుంది. కింద రోహిణి చిన్నగా కనిపిస్తోంది. తల ఎత్తి నా వైపే చూస్తోంది.

వాకీలో నాయుడి గొంతు వచ్చింది. "తవిటా, సిద్ధవేనా? గంట కొట్టమంటావా?"

అరవాలి. పన్నెండేళ్ల కోపం ఉంది. ప్లాను ఉంది. నోరు తెరిచాను.

"ఏం లేదు నాయుడుబావూ," అన్నాను. "కొంచెం గేస్ పట్టినట్టున్నాది. మీరు కానీండి."

కింద అందరూ నవ్వడం వినిపించింది. "ఆరు బజ్జీలు తిన్నాడు, క్యాంటీనోడు సెప్పినాడు," అన్నాడు నాయుడు. గంట కొట్టేశారు.

నేను కిటికీలోంచి చూస్తున్నాను. గంటకు ముందే రోహిణి పాదాల కింద దీపం వెలిగింది. మేడ వైపు కాదు. ఫోను బల్ల వైపు. భుజం మీది తాడు కిందపడేసింది. వెనక్కి తిరిగింది. నా కూతురు నన్ను వదిలి, మేడకు వీపు చూపించి పరిగెత్తింది.

ఆ క్షణంలో దాని పేరు కూడా జాబితాలో రాశాను. నిజం చెబుతున్నాను.

బల్ల దగ్గర ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో వాకీ ఎత్తింది. దాని గొంతు వాకీలో వినిపించింది. ఎప్పుడూ వినని గొంతు. వేగం లేదు, వణుకు లేదు. "డ్రిల్లు ఆపండి. ఇది నిజం. గుండెనొప్పి, మగమనిషి, యాభై ఎనిమిదేళ్లు, నువ్వలగడ్డ పొగమేడ, మూడో అంతస్తు. వెనక గేటు దగ్గరికి బండి రావాల. ముందు గేటులో వరద డ్రిల్లు పడవ అడ్డంగా ఉన్నాది. నాయుడు మావయ్యా, నువ్వు పైకెల్లు. నడిపించొద్దు. మోసుకురా. అమ్మగోరూ, ఫస్టెయిడు పెట్టెలో గుండెనొప్పి మాత్ర ఉంటాది, నాయుడు మావయ్యకియ్యండి. నాన్నా, మాటాడకు. కూసోనుండు. గోడకి ఆనుకో. నాను వింటన్నాను."

గోడకు ఆనుకున్నాను. నాకు ఎవరూ ఎప్పుడూ అలా చెప్పలేదు.

అందరికంటే ముందు వచ్చింది నాయుడు. నిచ్చెన మీద ఆయన కింద వరుసగా పిల్లలు. నిచ్చెన మొదట్లో ఆయన మడమ ఒకసారి వెనక్కి తిరగడం పైనుంచి నేను కళ్లారా చూశాను. ఆ తర్వాత ముందుకు వచ్చింది. మిగతా మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కాడు. మాత్ర నా నోట్లో పెట్టి, నన్ను భుజాన వేసుకున్నాడు.

"బజ్జీలు కక్కకురా నా మీద," అన్నాడు.

"నువ్వు పిరికోడివి కాదు నాయుడుబావూ," అన్నాను. నా జీవితంలో చేసిన మొదటి ఓదార్పు అది. తలకిందులుగా ఉండి చేశాను.

"ఇప్పుడు సెప్తావేటిరా ఇది! నోరు మూసుకో. ఆ గుంట మాటాడొద్దన్నాది."

ఆసుపత్రిలో డాక్టరు ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో వేళ్లు విరుస్తూ చెప్పాడు. నాలుగోరోజుకు లేచి కూర్చున్నాను. రోహిణి మంచం పక్కన బత్తాయి వలుస్తోంది. విశాలాక్షిగారు కిటికీ దగ్గర ఉంది. ఈసారి రెండు కాళ్లకూ ఒకే జత.

"నువ్వు పైకి రాలేదు," అన్నాను కూతురితో.

"నానూ పైకొస్తే ఇద్దరం పైనుందుం. బండినెవలు పిలుత్తారు?"

"అందరూ నవ్వినారు. నాను గేస్ అన్నాను. నీకెలగ తెలిసినాది?"

రోహిణి బత్తాయి తొన పెట్టింది. "డ్రిల్లులో ఏనాడైనా 'ఏం లేదు' అన్నావా నాన్నా? చెయ్యి గీసుకున్నట్టు నటించమంటేనే బస్సులు ఆపేస్తావు. నిజంగా పేనం మీదకొస్తేనే ఏం లేదంటావు."

"నాను నిజంగా పేనం మీదకి రావడం నువ్వెప్పుడు సూసినావు?"

"సూళ్లేదు. విన్నాను."

విశాలాక్షిగారు వచ్చి మంచం చివర కూర్చుంది.

"తప్పు నాదండి, తవిటయ్యగారూ. సోదెమ్మ పరీక్షలో వినిపించడానికి పాత కాల్స్ తెప్పించాను. పేర్లన్నీ తీసేశాం. గొంతులు తీసెయ్యలేం కదండీ. అందులో ఒకటి... మీదని నాకు తెలీదు. ఈ అమ్మాయి పలకల మీద నిలబడి విన్నాక చెప్పింది."

ఎర్రటి కళ్లు గుర్తొచ్చాయి. పొగ నాన్నా, అంది.

"నాకు వినిపించు," అన్నాను.

"వద్దు నాన్నా. పూర్తిగా నయమవనీ."

"పన్నెండేళ్లుగా ఆ మనిషి గొంతు వినాలని సూస్తన్నాను. వినిపించు."

విశాలాక్షిగారు డాక్టరును అడిగి వచ్చింది. తర్వాత ఫోనులో పెట్టింది.

ముందు గాలి చప్పుడు. జీడితోటలో మధ్యాహ్నం గాలి అలాగే ఉంటుంది. తర్వాత ఒక మగగొంతు. మర్యాదగా, మెల్లగా, సంతలో తూకం అడిగినట్టు.

"ఏం లేదండి బాబూ... మా ఆడోళ్లకి తోటలో పురుగు ముట్టినాది. కొంచెం బండి పంపిత్తారేటండి? కాళీగా ఉంటేనేనండి."

ఫోను ఎత్తిన ఆడపిల్ల గొంతు. మా వైపుది కాదు. చిన్నపిల్ల. "పురుగా అండీ? ఏం పురుగు? పామేమీ కాదు కదా?"

"అయ్యయ్యో, ఆ పేరెత్తకండమ్మా! పురుగేనండి."

"పురుగే కదా?"

"ఆఁ, పురుగే."

విశాలాక్షిగారు ఆపేసింది. మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ పెట్టింది. మూడోసారి నేనే పెట్టుకున్నాను.

మా వైపు పామును పాము అనం. కరిచినప్పుడైతే అసలే అనం. పేరు పెట్టి పిలిస్తే మనిషి దక్కదని భయం. పురుగు ముట్టింది అంటాం. పెద్దవాళ్లతో, ఆఫీసువాళ్లతో ఏం మాట్లాడినా ముందు 'ఏం లేదండీ' అంటాం. ఇల్లు తగలబడుతున్నా అంతే. ఎదుటివాణ్ణి కంగారు పెట్టకూడదు. నేను మొత్తుకున్నానని పన్నెండేళ్లు నమ్మాను. పాము, పాము అని అరిచానని ప్రమాణం చేసి ఉండేవాణ్ణి. అరవలేదు. ఆ పిల్ల రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నేనే కాదన్నాను.

బత్తాయి తొక్కలన్నీ ఏరి ఒక చోట పెట్టాను.

"ఇది వినిపించినప్పుడు ఎంతమంది కాళ్లు కదిలినాయమ్మగోరూ?"

"నలభై ఒక్కమంది విన్నారండి. నలభై మంది పాదాలు అలాగే ఉన్నాయి. ఈ అమ్మాయి బరువంతా ఫోను వైపు వాలింది."

"తండ్రి గొంతు. వాలదేటి?"

"నేనూ అలాగే అనుకున్నానండి. అందుకని వేరేవాళ్ల కాల్స్ ఇంకో ఆరు వినిపించాను. అన్నీ 'ఏం లేదండీ' అని మొదలయ్యేవే. ఆరింటికీ వాలింది."

రోహిణి తల వంచుకునే అంది. "నీతో పన్నెండేళ్లున్నాను నాన్నా. నువ్వు సెప్పేది కాకుండా సెప్పనిది వినడం అలవాటైపోనాది. వంటింట్లో డబ్బా మూత గట్టిగా పెట్టినావంటే అమ్మ గుర్తొచ్చినట్టు. ఆ అలవాటుకి ఒక కుర్సీ ఉన్నాదని నాకూ తెల్దు."

"ముందే ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే ఆవిడని తీసేసి నీ పేరు రాసుకుంటావు. నాకు తెల్దా నీ జాబితా?"

అదే చేయబోతున్నాను. చెయ్యి అక్కడికే వెళ్లింది. మా అమ్మాయి నన్ను చూస్తోంది. మొదటి చోట ఉన్న ఆ మనిషిని కొట్టేశాను. ఆ చోట ఏమీ రాయలేదు. క్షమించడం నాకు చేతకాదు. ఖాళీగా వదలడం వరకు వచ్చింది.

"అప్పీలేటైనాది?" అన్నాను.

"పోయినాది," అంది రోహిణి. నవ్వింది. "గంటకి ముందే వాలినాను కదా. కుర్సీయే ఖాయం."

"తిన్నగా కూసో. నడుం పట్టేస్తాది ఆ కుర్సీల్లో."

ఇక నన్ను తలకిందులుగా వేలాడదీయడానికి వీల్లేదని డాక్టరు రాసిచ్చాడు. చచ్చే ఉద్యోగం పోయింది. సోమవారాలు ఇప్పుడు నాయుడు చస్తున్నాడు. అరుపు బాగుండదు. అన్నం పిలుపులా ఉంటుంది. మీసానికి మాత్రం మళ్లీ నూనె వచ్చింది.

నెల తర్వాత విశాలాక్షిగారు మా ఇంటికి వచ్చింది. చెప్పులు మా గుమ్మంలో విడిచి, నావి వేసుకుని వెళ్లింది. మధ్యలో ఒక పని అప్పగించింది. ఆ కాల్ విని కాళ్లు కదలని పిల్లలకు నేను వినడం పాఠం చెప్పాలి.

"నాను ఎనిమిది సదివినాను."

"అదే కావాలండి. తొమ్మిది చదివినవాళ్లకి ఇది రాదు."

మొదటి రోజు నలభై మంది పిల్లలు కాళ్లు కడుక్కుని పలకల మీద వరుసగా నిలబడ్డారు. నేను వెనక నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాను. అరవలేదు. "కొంచెం నీళ్లొచ్చినాయండి," అన్నాను. ఎవరూ కదలలేదు. "ఆ కొంచెం నడుందాకా ఉన్నాదర్రా," అన్నాను. "మా ముసలోడు పలకడం లేదండి, పడుకున్నాడేమో," అన్నాను. ఇద్దరి పాదాల దగ్గర దీపం మినుకుమంది. "పెద్దోళ్లకి ఇబ్బంది పెడతన్నాం గాని," అన్నాను. "ఆ మాటన్నోడి ఇల్లు అప్పటికే సగం కాలిపోయుంటాది. పరిగెత్తండి."

స్ట్రెచరు కుర్రాళ్లిద్దరూ ఆ వరుసలో ఉన్నారు. పేర్లు అడగాల్సి వచ్చింది. మాట్లాడక తప్పలేదు.

రెండు నెలలకు నలభైలో ఇరవై ఆరుగురి బరువు వాలింది. పుట్టుకతో రాని వాలు పాఠంతో వచ్చింది. సోదెమ్మ లెక్క ప్రకారం అది జరగకూడదు. విశాలాక్షిగారు కాయితాలు పట్టుకుని క్యాంటీను దాకా ఉత్తి కాళ్లతో పరిగెత్తింది.

"నా యంత్రం తప్పండీ, నాయుడుగారూ!" అని కేకేసింది. పరీక్ష పాసైనట్టు. "అది చెప్పేది మొదలెక్కడో మాత్రమేనండి. చివర కాదు!"

"ఆ ముక్క నా మీసం ముందే సెప్పినాది," అన్నాడు నాయుడు.

ఇప్పుడు సోదెమ్మ చీటీ కింద ఇంకో గీత ఉంటుంది. అక్కడ ఎవరికి వాళ్లే తమకు కావలసిన పని రాసుకోవచ్చు. నేర్పడం మా పని.

రోహిణి కుర్చీలో చేరి మూడు వారాలైంది. రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే ఫోను చేస్తుంది.

"నాన్నా, ఎలగున్నావు?"

నిన్నా అలాగే అడిగింది. నా నోరు దాని అలవాటు కొద్దీ తెరుచుకుంది. "ఏం లే..." అని, ఆగాను. అవతల ఊపిరి ఆగడం వినిపించింది. కుర్చీ జరిగిన చప్పుడు కూడా వినిపించింది. లేచి నిలబడి ఉంటుంది.

"ఉన్నాది," అన్నాను. "కుడి మోకాలు నొప్పి. పొద్దున్న ఉప్మాలో ఉప్పు మర్సిపోనాను. నాయుడు నా చెప్పులు తొక్కినాడు. ఆ స్ట్రెచరు కుర్రాడు ఇయ్యాల నాకంటే బాగా విన్నాడు, నాకది నచ్చలేదు. మీ అమ్మ చారు ఎలగ కాసేదో గుర్తు రావడం లేదు. ఇంకా సెప్పమంటావా?"

"సెప్పు నాన్నా," అంది. కుర్చీలో కూర్చున్న చప్పుడైంది. "నాను వింటన్నాను."